"ఆంధ్ర" అన్న మాట ఎవరిది?

(మన ఫోరం వార్షిక సమావేశంలో, సంఘం పేరు మార్పుపై ఓటింగుకు ముందు చేసిన ప్రసంగ పాఠం. కోరిన మిత్రుల కోసం ఇక్కడ ఇస్తున్నాం.)



నేను చరిత్ర ప్రొఫెసర్ను కాను. ముప్ఫై అయిదేళ్ళు ఇంజనీరుగా పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. శాసనాల పుస్తకాలు చదవడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న పిచ్చి. ఆ పిచ్చి సంగతి తెలిసే కార్యవర్గం వారు నన్ను మాట్లాడమన్నారు. విషయం మీ అందరికీ తెలిసిందే. మన సంఘం పేరులో "ఆంధ్ర" అన్న మాట ఉంచాలా, తీసేయాలా? ఈ మధ్యాహ్నం భోజనాల తర్వాత మీరు ఓటు వేస్తారు.

గత రెండు నెలలుగా దీని మీద మనకు వచ్చిన మెయిళ్ళు, వాట్సాప్ సందేశాలు అన్నీ చదివాను. వాటిలో రెండు వాదనలు మళ్ళీ మళ్ళీ కనిపించాయి. మొదటిది: "ఆంధ్రులంటే విశ్వామిత్రుడు శపించి వెళ్ళగొట్టిన సంతానం, సాక్షాత్తూ వేదంలోనే ఉంది, అలాంటి పేరు మనకెందుకు?" రెండవది: "ఆంధ్రజాతి మూడు వేల ఏళ్ళ నాటిది, శాతవాహనుల నాటి నుంచి మనమంతా ఒకటే, తెలంగాణ అన్నది నిన్నమొన్నటి మాట." రెండూ రాసింది చదువుకున్నవాళ్ళే. ఇద్దరూ పాత పుస్తకాలనే సాక్ష్యానికి తెచ్చారు. ఆ పుస్తకాల్లో నిజంగా ఏముందో చెప్పి, చివర నా ఓటు ఎటో కూడా చెబుతాను. దాచను.

ముందుగా ఆ శాపం సంగతి

ఐతరేయ బ్రాహ్మణం ఋగ్వేదానికి చెందిన గ్రంథం. క్రీస్తుకు పూర్వం కొన్ని వందల ఏళ్ళ నాటిది. అందులో శునశ్శేపుని కథ ఉంది. బలి ఇవ్వడానికి కట్టేసిన కుర్రవాడు దేవతలను స్తుతించి బయటపడతాడు. విశ్వామిత్రుడు అతన్ని దత్తత చేసుకుని, తన నూటొక్కమంది కొడుకులకూ వాడే పెద్ద అంటాడు. వాళ్ళలో పెద్దవాళ్ళు యాభైమంది ఒప్పుకోరు. అప్పుడు ఆయన, మీ సంతతి పొలిమేరల పాలవుగాక అని శపిస్తాడు. వాళ్ళే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అయ్యారని ఆ గ్రంథం చెబుతుంది.

ఇది మన పేరుకు దొరికిన తొలి ప్రస్తావన. కాని ఈ కథ చెప్పింది ఎవరు? ఉత్తరాదిన యజ్ఞాలు చేయించే పురోహితులు. తమ పొలిమేరల అవతల ఉన్న కొన్ని జనాల పేర్లు వాళ్ళు విన్నారు. ఆ జనాలు తమ కట్టుబాట్లలో లేరు. ఎందుకు లేరు అన్న ప్రశ్నకు వాళ్ళు చెప్పుకున్న జవాబు ఈ కథ. అంటే జనం ముందు, కథ తర్వాత. పక్క ఊరివాళ్ళ గురించి మన ఊళ్ళో చెప్పుకునే కథను పక్క ఊరి చరిత్రగా తీసుకుంటామా? పైగా ఆ జాబితాలో మనతో పాటు ఉన్న పుండ్రులు బెంగాలు ప్రాంతం వారు. శాపకథ చదివి పుండ్రులను ఎవరూ వెక్కిరించడం నేను చూడలేదు.

తర్వాత అశోకుడు. క్రీ.పూ. 3వ శతాబ్ది. కళింగ యుద్ధం తర్వాత పశ్చాత్తాపంతో వేయించిన 13వ శిలాశాసనంలో, తన ధర్మాన్ని అనుసరిస్తున్న జనాల జాబితాలో ఆంధ్రుల పేరు ఉంది. ఆ శాసనాల ప్రతి ఒకటి మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో బండల మీద ఉంది. సెలవులకు వెళ్ళినప్పుడు తిరుపతి, యాదగిరిగుట్టతో పాటు పిల్లల్ని అక్కడికీ తీసుకెళ్ళండి. అశోకుని శాసనంలో శాపమూ లేదు, తిట్టూ లేదు. తన రాజ్యంలోని జనాల్లో ఒక జనం, అంతే.

ఆ తర్వాత రోమన్ రచయిత ప్లినీ, క్రీ.శ. 1వ శతాబ్ది. ఆయన ఇండియా గురించి రాస్తూ "అండరే" అనే బలమైన జనం గురించి చెప్పాడు. 30 ప్రాకారాలున్న పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు వాళ్ళకున్నాయట. ఈ వివరాలు మౌర్యుల కొలువులో ఉన్న గ్రీకు రాయబారి మెగస్తనీసు నుంచి తీసుకున్నవని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఒక బౌద్ధ జాతక కథలో తెలివాహ నది ఒడ్డున అంధపురం అనే పట్టణం వస్తుంది. అది ఏ నది అన్న దాని మీద పండితులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు.

ఒక చిన్న విషయం. ప్రాకృతంలో "ఆంధ్ర"లోని రకారం పోయి "అంధ" అవుతుంది. దాన్ని పట్టుకుని "అంధులు" అని ఎగతాళి చేసేవాళ్ళు ఉన్నారు. అది ఉచ్చారణ తెచ్చిన పోలిక తప్ప అర్థం కాదు. ఆంధ్ర అన్న మాటకు అసలు అర్థం ఏమిటో ఈ రోజుకీ తేలలేదు.

ఇంతవరకూ గమనించండి. పురోహితుడు, చక్రవర్తి, రోమన్ రచయిత, జాతక కథకుడు, అందరూ మన గురించి చెప్పినవాళ్ళే. మనం మన గురించి చెప్పుకున్న మాట ఇంకా ఒక్కటీ రాలేదు.

శాతవాహనులు తమను తాము ఏమన్నారు?

ఇప్పుడు రెండవ వాదనకు వద్దాం. "ఆంధ్ర శాతవాహనులు" అని మనం బడిలో చదువుకున్నాం. పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం. మరి ఆ రాజులు తమ శాసనాల్లో ఏమని చెప్పుకున్నారు?

నానాఘాటులో నాగనిక వేయించిన శాసనం ఉంది. నాసిక్ గుహలో గౌతమీ బాలశ్రీ తన కొడుకు గురించి వేయించిన పెద్ద శాసనం ఉంది. దక్షిణాపథపతి అన్నారు, మూడు సముద్రాల నీళ్ళు తాగిన గుర్రాలవాడు అన్నారు. శాతవాహన కులం అన్నారు. ఎక్కడా "మేము ఆంధ్రులం" అనలేదు. వాళ్ళను ఆంధ్రులనీ, ఆంధ్రభృత్యులనీ అన్నవి పురాణాలు. ఆ పురాణాల రాజవంశాల పట్టికలు ఆ రాజుల పాలన గడిచాక ఇప్పటి రూపానికి వచ్చాయి.

ఇక ఆ రాజులు ఎక్కడివాళ్ళు అన్న తగాదా. వాళ్ళ రాజధాని ప్రతిష్ఠానం మహారాష్ట్రలోని పైఠణ్. తొలి రాజు శిముకుని పేరున్న నాణేలు పాత కరీంనగర్ జిల్లా కోటిలింగాలలో, గోదావరి ఒడ్డున దొరికాయి. చివరి కాలంలో వాళ్ళ బలం కృష్ణా తీరానికి, ధాన్యకటకం వైపుకు వచ్చింది. మరాఠీవాళ్ళు మా వాళ్ళే అంటారు. తెలంగాణ మిత్రులు కోటిలింగాల చూపిస్తారు. కోస్తావాళ్ళు అమరావతి చూపిస్తారు. ముగ్గురి దగ్గరా ఆధారం ఉంది. ముగ్గురూ చెప్పని సంగతి ఏమిటంటే, ఆ రాజులకు ఈ హద్దులు తెలియవు. వాళ్ళ శాసనాల భాష ప్రాకృతం. తెలుగు కాదు, మరాఠీ కాదు.

కాబట్టి "శాతవాహనుల నాటి నుంచి మనమంతా ఆంధ్రులం" అన్న వాక్యాన్ని శాతవాహనుల చేత చెప్పించడం కుదరదు.

ఒకచోట తిట్టు, ఒకచోట దేశం

మన నేల మీద ఈ పేరు ఒక ప్రాంతానికి స్పష్టంగా కనిపించే పాత ఆధారాల్లో ఒకటి మైదవోలు తామ్రశాసనం. గుంటూరు సీమలో నరసరావుపేట దగ్గర దొరికింది. పల్లవ యువరాజు శివస్కందవర్మ, ధాన్యకటకంలోని తన అధికారికి ఇచ్చిన ఆజ్ఞ అది. ఒక గ్రామాన్ని దానం ఇస్తూ ఆ గ్రామం "అంధాపథం"లో ఉందన్నాడు. అంటే ఆంధ్రపథం. క్రీ.శ. 3, 4 శతాబ్దుల మాట. జనం పేరు కాస్తా భూమి పేరయింది.

554లో ఉత్తరాదిన మౌఖరి రాజు ఈశానవర్మ నాటి హరాహా శాసనం, ఆయన వేల ఏనుగులున్న ఆంధ్రాధిపతిని గెలిచాడని చెబుతుంది. 7వ శతాబ్దిలో చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ వచ్చాడు. ఆంధ్రదేశం అని ఒకటి, ధనకటకం అని ఇంకొకటి, వేరువేరుగా రాశాడు. ఆంధ్రదేశపు రాజధాని అని ఆయన రాసిన పేరు వేంగి అని పండితులు గుర్తించారు. ఇక్కడివాళ్ళ భాష మధ్యదేశపు భాషకు వేరు అనీ, లిపి మాత్రం చాలావరకు ఒకటేననీ కూడా రాశాడు. ఇప్పటి అమరావతి ఉన్న చోటు ఆయన లెక్కలో "ఆంధ్ర"లో లేదు! ఎవరి ఆంధ్ర ఎక్కడివరకు అన్నది పద్నాలుగు వందల ఏళ్ళ కిందటే ఇలా ఉంది.

అదే కాలంలో శ్రీలంకలోని బౌద్ధులకు "అంధకులు" అంటే జనమూ కాదు, దేశమూ కాదు. పూర్వశైలీయులు, అపరశైలీయులు వంటి కొన్ని బౌద్ధ శాఖల ఉమ్మడి పేరు. 5వ శతాబ్దిలో బుద్ధఘోషుని వ్యాఖ్యానంలో ఈ మాట ఉంది. అమరావతి, నాగార్జునకొండల్లో ఈ శాఖలకు చెందిన భిక్షువులు ఉండేవారు.

ఇక చేదు మాట. మనుస్మృతి పదో అధ్యాయంలో ఆంధ్రుడు అంటే సంకర కులాల్లో ఒకడు. ఊరి బయట ఉండాలి, అడవి జంతువులను వేటాడి బతకాలి. ఇది పుస్తకంలో రాత మాత్రమే అనుకోకండి. బీహారు, బెంగాలు ఏలిన పాలరాజులు 9వ శతాబ్దిలో భూదానాలు చేస్తూ, ఊళ్ళోని అందరికీ తెలియజేస్తున్నాం అని చెప్పేటప్పుడు బ్రాహ్మణులతో మొదలుపెట్టి "మేద, ఆంధ్ర, చండాలుల వరకు" అని ముగిస్తారు. తామ్రశాసనాల మీదే ఉంది. బహుశా దక్షిణాది నుంచి పనికోసం వెళ్ళిన కూలివాళ్ళ జాతిపేరు అక్కడ కులం పేరుగా గడ్డకట్టి ఉంటుందని నా ఊహ. ఊహ మాత్రమే. వేంగిలో అది రాజు ఏలే దేశం పేరు. గంగ ఒడ్డున అది ఊరి చివర ఉండేవాడి పేరు.

ఇది చదివినప్పుడు నాకు కోరంగి గుర్తొచ్చింది. గోదావరి పాయ మీద ఉన్న మన రేవు. అక్కడ ఓడ ఎక్కి రంగూను వెళ్ళిన తెలుగు కూలీలను బర్మాలో "కోరంగీలు" అన్నారు. ఎక్కిన రేవు పేరే మనుషుల పేరయింది. మలయాలో "క్లింగు" అన్న మాట కళింగ నుంచి వచ్చిందంటారు. ఒకప్పుడు వర్తకుల పేరు, ఇప్పుడు అక్కడ తిట్టు. ఇక్కడ మన పిల్లలను బడిలో ఏమేమి అన్నారో మీలో చాలామందికి అనుభవమే. పరాయి ఊళ్ళో పేరు మన చేతిలో ఉండదు. కనుక మనుస్మృతిలో ఉంది, ఐతరేయంలో ఉంది అని తోటి తెలుగువాణ్ణి వెక్కిరించడానికి ఆ మాట వాడేవాళ్ళు ఒక్క క్షణం ఆగాలి. పరాయివాళ్ళు మన అందరి మీదా విసిరిన రాయి అది. దాన్ని ఏరుకొచ్చి ఇంట్లోవాళ్ళ మీద విసురుకుంటున్నాం.

దేశం పేరు భాష పేరయింది

11వ శతాబ్దికి వస్తే కథ మారుతుంది. రాజరాజనరేంద్రుడు వేయించిన నందంపూడి శాసనంలో, నన్నయకు తోడుగా ఉన్న నారాయణభట్టును పొగుడుతూ సంస్కృతం, కర్ణాటం, ప్రాకృతం, పైశాచికం, ఆంధ్రం, ఇన్ని భాషల్లో కవి అన్నారు. అంటే అప్పటికి "ఆంధ్ర" ఒక భాష. 13వ శతాబ్దిలో తిక్కన "ఆంధ్రావళి" కోసం రాస్తున్నానన్నాడు. అంటే ఆ భాష చదివే జనం. పరాయివాళ్ళు పెట్టిన పేరును మనవాళ్ళు తీసుకుని, తమ భాషకు పెట్టుకుని, తమదిగా చేసుకున్నారు. నా దృష్టిలో ఈ పేరు చరిత్రలో అన్నిటికంటే గొప్ప మలుపు ఇదే.

మరి తెలుగు, తెనుగు, త్రిలింగ? ఆ మాటలూ పక్కనే ఉన్నాయి. పాలకుర్తి సోమనాథుడు జానుతెనుగు అన్నాడు. ఓరుగల్లులో ప్రతాపరుద్రుని కొలువులో ఉన్న విద్యానాథుడు శ్రీశైలం, కాళేశ్వరం, దాక్షారామం అనే మూడు లింగాల మధ్య దేశమని త్రిలింగానికి అర్థం చెప్పాడు. భాషావేత్తల్లో చాలామంది దాన్ని పండితులు తర్వాత కల్పించిన వ్యుత్పత్తి అంటారు. "తెన్" అంటే దక్షిణం, దాని నుంచి తెనుగు అన్నది వారి మాట. ఏదైనా, ఆ మూడు లింగాల్లో ఒకటి ఇప్పుడు తెలంగాణలో ఉంది, రెండు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి.

ఇంకొక్క సంగతి చెప్పాలి, అది మా ఊరి సంగతి. మాది సూర్యాపేట పక్కన. పిల్లలమర్రి గుళ్ళు మాకు నడిచి వెళ్ళేంత దూరం. కాకతీయులు పడిపోయాక ఓరుగల్లును మళ్ళీ నిలబెట్టిన కాపయ నాయకునికి అక్కడి 1357 నాటి శాసనంలో "ఆంధ్ర సురత్రాణ" అనే బిరుదు ఉంది. సురత్రాణ అంటే సుల్తాను. ఓరుగల్లులో కూర్చున్నవాడు ఆంధ్రుల సుల్తానునని చెప్పుకున్నాడు. ఓరుగల్లును ఆంధ్రనగరి అని కూడా పిలిచారు. ఆయనకు అన్న వరుస అయిన ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం గోదావరి ప్రాంతంలో దొరికింది. అది ఈ దేశాన్ని "తిలింగ" అంటుంది. చూశారా? సూర్యాపేట దగ్గర రాయి ఆంధ్ర అంటోంది, గోదావరి దగ్గర రాగిరేకు తిలింగ అంటోంది. ఇప్పుడు మనం కొట్టుకునే లెక్క ప్రకారం రెండూ తారుమారుగా ఉండాలి!

అంచేత "తెలంగాణ నిన్నమొన్నటి మాట" అన్నదీ నిలబడదు. ఆ మాటకు మూలమైన తిలింగ, తెలుంగు ఏడు వందల ఏళ్ళ నాడు రాజశాసనాల్లో ఉన్నాయి.

మా నాయిన దాచిన రశీదు

ఇప్పుడు గత నూరేళ్ళ సంగతి. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. మద్రాసు రాష్ట్రంలో తమిళుల మధ్య తమకు గుర్తింపు లేదన్న బాధతో పుట్టింది. హైదరాబాదు రాజ్యంలో కథ వేరు. 1921 నవంబరులో హైదరాబాదులో ఒక సంఘ సంస్కరణ సభ. అధ్యక్షుడు కార్వే పండితుడు. ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టగానే గోల చేసి, ఎగతాళి చేసి, కూర్చోబెట్టేశారు. ఆ రాజ్యంలో అందరికంటే ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగు. ఆ రాత్రే కొంతమంది తెలుగువాళ్ళు ఒక ఇంట్లో కూడి ఒక సంఘం పెట్టుకున్నారు. దానికి ఏం పేరు పెట్టారు? "ఆంధ్ర జన సంఘం."

అందులో నుంచే నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ వచ్చింది. 1930లో జోగిపేటలో మొదటి సభ, సురవరం ప్రతాపరెడ్డి గారు అధ్యక్షులు. తెలంగాణలో కవులు లేరని ఎవరో అంటే 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చిన పౌరుషం ఆయనది. ఆయనే రాసిన పుస్తకం పేరు "ఆంధ్రుల సాంఘిక చరిత్ర". మాడపాటి హనుమంతరావు గారి పుస్తకం పేరు "తెలంగాణా ఆంధ్రోద్యమము". ఆ పేరులో రెండు మాటలూ పక్కపక్కన ఉన్నాయి. వారికి అందులో ఏ గొడవా కనిపించలేదు. తెలంగాణ నేల పేరు, ఆంధ్ర నోటి మాట పేరు.

మా నాయిన 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభకు వెళ్ళినవాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు. రావి నారాయణరెడ్డి గారు అధ్యక్షులు. మా ఊళ్ళల్లో దాన్ని ఆంధ్ర మహాసభ అని పూర్తిగా ఎవరూ అనేవారు కాదు, "సంగం" అనేవారు. దొర గడీ ముందు చెప్పులు వేసుకుని నడిచే ధైర్యం సంగం ఇచ్చిందని మా నాయిన చెప్పేవాడు.

1969లో నాకూ పద్దెనిమిదే. హైదరాబాదులో కాలేజీ. ఒప్పందాలు అమలు కాలేదు, ఉద్యోగాలు మావాళ్ళకు రాలేదు. ఆ కోపం నిజమైనది, అది తప్పని ఈ రోజుకీ అనను. ఊరెళ్ళి, మా బడి గోడ మీద ఆంధ్రవాళ్ళు పోవాలని బొగ్గుతో ఇంతింత అక్షరాలు రాశాను. మా నాయిన చూశాడు. ఒక్క మాట అనలేదు. రాత్రి అన్నం తిన్నాక ట్రంకు పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన చందా రశీదు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద "ఆంధ్ర మహాసభ" అని ఉంది.

"బిడ్డా, గోడ మీద నువ్వు పొమ్మన్నది నన్నేనా?" అన్నాడు.

"నిన్ను కాదు నాయినా, వాళ్ళను" అన్నాను.

"మరి పేరు మాదే రాసినవ్ గద" అన్నాడు.

యాభై ఏళ్ళు దాటింది. ఆ ప్రశ్నకు సరైన జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఆ మాటకు ఏమయింది?

1944కూ 1969కీ మధ్య ఆ మాటకు ఏం జరిగింది? ప్రభుత్వం దాన్ని హద్దులు గీసిన రాష్ట్రం పేరు చేసింది. పొట్టి శ్రీరాములు గారి ఆత్మార్పణ తర్వాత 1953 అక్టోబరు 1న పదకొండు జిల్లాలతో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ రోజు నుంచి చట్టం లెక్కలో ఆంధ్ర అంటే ఆ జిల్లాలే. సూర్యాపేట అందులో లేదు. 1956లో రెండు ప్రాంతాలనూ కలిపేటప్పుడు కొత్త రాష్ట్రానికి "ఆంధ్ర-తెలంగాణ" అన్న పేరు ముసాయిదాలో ఉండేది. పార్లమెంటు సంయుక్త సంఘం దగ్గర అది "ఆంధ్రప్రదేశ్" అయింది. తెలంగాణ నాయకులు పాత పేరే కావాలన్నారు. ఆంధ్ర నాయకులు కొత్త పేరే ఉండాలన్నారు. ఆ భేదాభిప్రాయం ఒప్పందం కాగితాల్లోనే ఉంది. ఆ ఒక్క మాట పేరులో ఉంచి ఉంటే రాష్ట్రం నిలిచేదని నేను అనను. కాని ఒకరి పేరు కొట్టేసి ఇంకొకరి పేరు అందరికీ పెడితే, ఆ పేరు అందరిదీ కాకుండా పోతుంది.

1972-73లో కోస్తా, రాయలసీమలవారు "జై ఆంధ్ర" అన్నారు. వారు కూడా ఆ మాటను తమవరకే కుదించుకున్నారు. 2014 జూన్ 2న రెండు రాష్ట్రాలయ్యాయి. నూరేళ్ళలో ఆ మాట తెలుగువాళ్ళందరి పేరుగా బయలుదేరి ఒక రాష్ట్రం పేరుగా ఆగింది.

సముద్రాలు దాటిన ఆంధ్ర

మనకంటే ముందు ఊరు వదిలిన తెలుగువాళ్ళు ఏం చేశారో కూడా చూద్దాం. దక్షిణాఫ్రికాలో నాటాలు చెరకు తోటలకు 1860 నుంచి మద్రాసు మీదుగా కూలీలు వెళ్ళారు. వాళ్ళలో తెలుగువాళ్ళు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఫిజీలో 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం వచ్చింది. మారిషస్‌లోనూ ఆంధ్ర మహాసభే. అప్పటికి ఆంధ్ర అనే రాష్ట్రం భూమ్మీద లేదు. వాళ్ళకు ఆ మాటకు ఒక్కటే అర్థం, మా అమ్మ మాట్లాడిన భాష. డర్బనులో ఒక తెలుగు పెద్దాయన "నేను ఆంధ్ర" అంటే ఆయన విజయవాడ రాజకీయం మాట్లాడటం లేదు. ఆయనకు మనం పాఠం చెప్పనక్కర్లేదు.

మలేషియావాళ్ళు ఇంకో దారి పట్టారు. 1955లో మలయా ఆంధ్ర సంఘంగా మొదలైన సంస్థ 1983లో మలేషియా తెలుగు సంఘం అయింది. అంటే అక్కడ పేరు మారింది ఇప్పటి విభజన వల్ల కాదు. పేరు మార్చినంత మాత్రాన పాతవాళ్ళకు ద్రోహం చేసినట్టు కాదని ఆ ఉదాహరణ చెబుతుంది.

నా ఓటు

మిత్రులారా, ఇక ముగిస్తాను. మన సంఘం పెట్టుకున్నప్పుడు అందరమూ ఒక రాష్ట్రం వాళ్ళం, ఆ పేరు సహజంగా వచ్చింది. ఇప్పుడు ఈ హాల్లో వరంగల్ వాళ్ళున్నారు, ఏలూరు వాళ్ళున్నారు, హోసూరు, బళ్ళారి, బరంపురం నుంచి వచ్చిన తెలుగువాళ్ళున్నారు. ఈ చివరివాళ్ళు ఇన్నేళ్ళూ ఏ ఆంధ్రలోనూ లేకుండానే మనకు చందా కట్టారు, స్టేజీ కుర్చీలు సర్దారు. వాళ్ళ గురించి రెండు నెలల మెయిళ్ళలో ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు.

నా ఓటు పేరు మార్చి "తెలుగు" అని పెట్టడానికే. ఆంధ్ర చెడ్డ మాట అని కాదు. ఈ రోజు ఆ మాట వినగానే సగం మందికి తలుపు వేసినట్టు అనిపిస్తోంది, అందుకు. మా ఆవిడది తెనాలి. ఆమె ఓటు నాకు వ్యతిరేకం. "మీకు పాత రశీదు ఉంది, మాకు ఉన్నది ఆ పేరొక్కటే" అంటుంది. ఆమె మాటలోనూ న్యాయం ఉంది. భోజనాల దగ్గర ఆమెనూ అడగండి, నాకంటే బాగా చెబుతుంది.

ఓటు ఎటు పోయినా మూడు మనవులు. ఒకటి, శాపం కథ తీర్మానంలోకి, మెయిళ్ళలోకి రాకూడదు. రెండు, రెండు వేల ఏళ్ళ కిందటి రాజుల్ని మన ఇళ్ళ తగాదాలకు సాక్షులుగా పిలవద్దు. మూడు, పేరు మారితే పాత బోర్డు పారేయకండి. మన ఆఫీసు గదిలోనే ఒక గోడకు పెట్టండి. కింద ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఈ పేరుతో ఉన్నామో రాయండి.

మా నాయిన రశీదు ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఈ రోజు జేబులో పెట్టుకుని వచ్చాను. చూడాలనుకున్నవాళ్ళు ఎవరైనా రావచ్చు. కాగితం పాతది, మడతల దగ్గర చిరుగుతోంది, కాస్త జాగ్రత్తగా పట్టుకోండి.